పదిహేనేళ్ల థండర్‌బర్డ్‌కి కొత్త స్విచ్‌లు, రేణిగుంట రోడ్డు ఎలక్ట్రీషియన్ పనితనం

ముందే చెప్పేస్తున్నా, స్విచ్‌లు పాడవడంలో తప్పు బండిది కాదు, నాది. 2010లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 బైకు, లక్షా పదివేల కిలోమీటర్లు దాటింది. మదనపల్లె వైపు పోతూ భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట దిగిన ప్రతిసారీ వెలుతురు చాల్లేదనిపించి, నాలుగేళ్ల కిందట మామూలు 60/55 వాట్ల హాలోజన్ బల్బు తీసేసి 100/90ది పెట్టించుకున్నా. రిలే, అంటే బల్బుకి పోయే కరెంటు హ్యాండిల్ మీది స్విచ్‌లోంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి పోయేలా చేసే చిన్న డబ్బా, వద్దన్నా. రెండు మూడొందలు మిగిలాయని సంతోషం కూడా.

60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లదైతే 8 దాటుతుంది. ఆ కరెంటంతా పోయేది ఎడమ బొటనవేలి కింద, లైటుని హై, డిమ్ మార్చే డిప్పర్ స్విచ్‌లో, చిన్న గోరంత ఇత్తడి ముక్క మీదుగా. మొదట ప్లాస్టిక్ కాలిన వాసన సన్నగా వచ్చేది, ముందెళ్లే లారీదేమో అనుకునేవాణ్ణి. తర్వాత డిమ్ లైటు ఆరిపోవడం, స్విచ్‌ని వేలితో అదిమి పట్టుకుంటే వెలగడం. ఒక చేత్తో క్లచ్ పట్టుకుని అదే చేతి వేలితో స్విచ్ అదుముతూ ఘాట్ దిగడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఆ టైంలో ఇంకో తెలివితక్కువ పని చేశా. ఆన్‌లైన్‌లో ఏ బండికైనా సరిపోతుందని రాసున్న స్విచ్ సెట్ ఒకటి 650కి వచ్చింది, కొనేశా. వైర్ల రంగులు మన బండి రంగులతో కలవలేదు, వైర్ల చివర ఒకదాంట్లో ఒకటి దూరే కప్లర్లూ కలవలేదు. మా వీధి చివర మెకానిక్ ఉన్న కప్లర్లు కోసేసి, వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపించాడు. రెండు నెలలు నడిచింది. ఆ తర్వాత ఇండికేటర్ బటన్ మధ్యలో నిలవడం మానేసింది, కుడికి వేసి తీస్తే ఎడమకి పోయేది. అన్నిటికంటే వింత హారన్. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే దానంతటదే మోగేది. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడు, 1944లో తెరిచిన ఆ దారిలో మలుపులు తెలిసిందే కదా, ఎడమ మలుపు బాగా ఒంపు తిరిగినచోటల్లా నా బండి కేక పెట్టేది. వెనక కూర్చున్న మా ఆవిడ మొదట నేనే జాగ్రత్తగా నడుపుతున్నా అనుకుంది పాపం.

ఈ ఎలక్ట్రీషియన్ అన్నయ్య షాపు సంగతి నాకు ఒక ఆటో డ్రైవర్ చెప్పాడు. రేణిగుంట రోడ్డులో ఒక సందు, రేకుల షెడ్డు, బోర్డు లేదు, బయట ఎప్పుడూ రెండు మూడు ఆటోలు సీట్లు విప్పి ఉంటాయి. అరవై దగ్గర వయసుంటుంది. నేను స్విచ్ మార్చాలి అనగానే స్విచ్ వైపు చూడనే లేదు, హ్యాండిల్ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పాడు. హారన్ మోగింది. "హ్యాండిల్ ఎత్తు పెంచినారా సార్?" అన్నాడు. రెండేళ్ల కిందట నడుము నొప్పని, హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు వేయించా, నిజమే. వైరు పొడవు అంతే ఉంది, హ్యాండిల్ పైకి పోయింది, తిప్పినప్పుడల్లా హ్యాండిల్ తిరిగే కోన్ సెట్ దగ్గర లాగి లాగి తొడుగు అరిగి, లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎన్ని కొత్త స్విచ్‌లు వేసినా ఆ హారన్ అట్లే మోగేది.

తర్వాత పాత డిప్పర్ స్విచ్ విప్పి చూపించాడు. నేను అటకమీద దాచిపెట్టిన అసలుది, పట్టుకెళ్లా. ముందు బల్ల మీద పాత తువ్వాలు పరిచాడు, ఎందుకా అనుకున్నా. మూత తియ్యగానే ఆవగింజకంటే కాస్త పెద్ద ఉక్కు గోళీ, దాని కింద స్ప్రింగు ఎగిరి తువ్వాలు మీద పడ్డాయి. "ఇది పోయిందంటే స్విచ్ పోయినట్లే, నేల మీద పడితే దొరకదు" అన్నాడు. ఇత్తడి ముక్కలు బొగ్గులా నల్లగా ఉన్నాయి, వాటి చుట్టూ ప్లాస్టిక్ కరిగి గుంటపడింది. గీకి వాడుకోవచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ప్లాస్టిక్ గట్టిగా ఉంటే క్లీనర్ కొట్టి సన్నటి ఎమరీ పేపరు పెట్టి చేసేవాణ్ణి, గుంట పడ్డాక ఇత్తడి కూర్చోదు అన్నాడు. అమ్ముకోవాలని చెప్పిన మాట కాదు, కుడివైపు పాత స్విచ్ మాత్రం శుభ్రం చేసి అదే పెడదామన్నది ఆయనే. నేనే రెండూ మార్చమన్నా.

పని చూస్తూ కూర్చున్నా. టేపు విప్పి వైరు చెక్కితే రాగి పచ్చగా పాచిపట్టింది, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా నాలుగు అంగుళాలు వెనక్కి కోశాడు. కొత్త ముక్క కలిపి టంకం వేసి, స్లీవ్ తొడిగి లైటర్‌తో కాల్చి బిగించాడు. జాయింట్లన్నీ హెడ్‌లైట్ డూమ్ లోపలికి వచ్చేలా చూసుకున్నాడు, బయట ఒక్కటి కూడా లేదు. ప్రతి వైరుకీ మీటరు పెట్టి, ఎక్కడా తెగలేదని చెప్పే బీప్ వింటూ, హ్యాండిల్ రెండువైపులా తిప్పి మళ్లీ విన్నాడు. ఆ రెండోసారి తిప్పి చూడటం నాకు బాగా నచ్చింది.

రిలేలు రెండు పెట్టాడు, హైకి ఒకటి, డిమ్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలేలోని 30 నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బుకి. స్విచ్ ఇప్పుడు 85, 86 మధ్య ఉన్న కాయిల్‌ని లేపితే చాలు, దానికి పావు ఆంపియర్ కూడా పట్టదు. అంతకుముందు బల్బు దగ్గర 10.6 వోల్టులే వచ్చేవి, ఇప్పుడు 12.1. మామూలు 60/55 బల్బే తిరిగి పెట్టించాడు, ఎదుటివాడి కళ్లు కూడా చూడాలి కదా సార్ అని ఒక చురక వేసి. నిజంగానే ఆ 100 వాట్లకంటే ఇది తెల్లగా కనిపిస్తోంది.

బాగాలేనివి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఇస్తానన్న బండి రాత్రి ఏడున్నరకి ఇచ్చాడు, మధ్యలో రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు దూరాయి. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితే క్యాలెండర్ కాగితం చింపి వెనక రాసిచ్చాడు. స్విచ్‌లు కంపెనీవి దొరక్క అదే కొలతల్లో వచ్చే వేరే తయారీ తెప్పించాడు, హారన్ బటన్ కాస్త బిర్రుగా ఉంది, గుర్తుల మీది తెల్ల రంగు ఏడాది ఉంటుందని నమ్మకం లేదు. స్విచ్‌లు రెండూ కలిపి 1,450, రిలే, వైరు 380, కూలి 700. మొత్తం 2,530.

ఇలాంటి పాత బండికి సెట్ కొనేవాళ్లు ఒకటి గమనించండి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఆ తర్వాతి సెట్లలో లైటు ఆన్, ఆఫ్ మీట ఉండదు. షాపువాడు కొత్త మోడల్‌ది అంటగట్టే ముందు కుడి స్విచ్ చేతిలోకి తీసుకుని చూడండి. అడుగున లోపలివైపు చిన్న ముల్లు ఉందేమో కూడా చూసుకోండి, హ్యాండిల్‌కి దానికి సరిపడే రంధ్రం లేకపోతే స్విచ్ సరిగ్గా కూర్చోదు. ముల్లు గీకేస్తే బిగిసినట్లే ఉంటుంది గానీ కొన్నాళ్లకి సెల్ఫ్ నొక్కినప్పుడల్లా మొత్తం గిర్రున తిరుగుతుంది.

మొన్న శనివారం మళ్లీ కొండకి పోయి దిగాం. మూడో మలుపులో మా ఆవిడ భుజం మీద తట్టి, హారన్ కొట్టవేం అంది.