రిమోట్ కీలో సెల్ అయిపోయిందా? కొత్త కీ కొనమంటే కాస్త ఆగండి

పుష్ బటన్ స్టార్ట్ కారు వాడేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. నా తెలియనితనం వల్లే మోసపోయాను, కాదనను. కానీ ఆ తెలియనితనాన్ని కనిపెట్టి ఒకతను నా దగ్గర చేసిన పని ఇంకొకరి దగ్గర సాగకూడదని రాస్తున్నాను.

నెల ముందు నుంచీ కారు చెబుతూనే ఉంది. ఒకప్పుడు అంత దూరం నుంచి నొక్కితే తెరుచుకునే డోర్, పోనుపోను పక్కన నిలబడి రెండు మూడుసార్లు నొక్కితే గానీ తెరుచుకునేది కాదు. కీ బ్యాటరీ తక్కువగా ఉందని మీటర్ దగ్గర మెసేజ్ కూడా వచ్చేది. రేపు చూద్దాంలే అనుకుంటూ నెట్టుకొచ్చాను. చివరికి ఒక రాత్రి సెల్లార్ పార్కింగ్‌లో, రెండు చేతుల్లోనూ సంచులతో నిలబడి ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

తాళాలు చేసే ఒకతనికి ఫోన్ చేస్తే వచ్చాడు. మర్యాదస్తుడే. రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపి, లోపల దాగి ఉన్న మామూలు తాళంచెవిని బయటికి లాగాడు. మూడేళ్లుగా ఆ రిమోట్ నా జేబులోనే ఉంది, అందులో తాళంచెవి ఉందని ఆరోజే చూశాను! హ్యాండిల్ దగ్గరి చిన్న మూత తీస్తే తాళం రంధ్రం కనిపించింది. డోర్ తీయగానే అలారం మోత మొదలైంది. నలుగురూ తొంగి చూస్తున్నారు. ఆ గోలలో నా బుర్ర సగం పనిచేయడం మానేసింది.

రిమోట్ విప్పి పాత సెల్ తీశాడు, జేబులోంచి కొత్తది తీసి వేశాడు, నా చేతికిచ్చి "నొక్కండి సార్" అన్నాడు. నొక్కాను. ఏమీ లేదు. "చూశారుగా, కొత్త సెల్ వేసినా రావట్లేదు. లోపల సర్క్యూట్ బోర్డు పోయింది. కొత్త కీ వేసి, కారు దాన్ని గుర్తుపట్టేలా ప్రోగ్రామింగ్ చేయాల్సిందే." కళ్లారా చూశాక ఇంకేం అంటాం? సరే అన్నాను. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు, అరగంటలో కొత్త కీతో బండి స్టార్ట్ అయింది. ఒక్క సెల్‌తో పోయే పనికి ఎన్ని సెల్లుల డబ్బు పెట్టానో లెక్క వేసుకోవడం మానేశాను. బిల్లు అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు బీరువాలోంచి స్పేర్ కీ తీసుకెళ్లి నొక్కాను. అదీ పనిచేయలేదు. వారం కిందటే దాంతో మా తమ్ముడు బండి తీసుకెళ్లాడు. రెండు కీలూ ఒక్క రాత్రిలో ఎలా చస్తాయి? అనుమానమొచ్చి పాత రిమోట్ విప్పాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల సెల్ గలగలమంటోంది. బయటికి తీసి వెలుగులో పెట్టి చూస్తే దాని మీద సీఆర్ 2025 అని ఉంది. రిమోట్ మూత లోపల మాత్రం 2032 అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది.

ఈ అంకెల్లోనే అంతా ఉంది. మొదటి రెండూ వెడల్పు, 20 మిల్లీమీటర్లు. చివరి రెండూ మందం. 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే 2.5. రెండూ 3 వోల్టులవే, పైనుంచి చూస్తే కవలలే. కానీ ఆ 0.7 మిల్లీమీటర్ల తేడాతో సెల్ వదులుగా కూర్చుంటుంది, లోపలి రేకుకి సరిగా తగలదు. తెలియక వేశాడో తెలిసే వేశాడో ఆ పైవాడికే తెలియాలి. నా అనుమానం నాకుంది.

తర్వాత ఇంకో మెకానిక్ దగ్గరికి వెళితే అసలు సంగతి బయటపడింది. కొన్ని కార్లలో కొత్త కీ ఎక్కించేటప్పుడు, ఆ సమయంలో దగ్గర లేని పాత కీలన్నీ కారు జ్ఞాపకంలోంచి చెరిగిపోతాయట. బాగున్న నా స్పేర్ కీ అలా పోయింది. ఆయన రెండింటినీ మళ్లీ ఎక్కించి, పాత రిమోట్‌లో సరైన సెల్ వేసి నొక్కితే డోర్లు టక్కున తెరుచుకున్నాయి. బోర్డుకి ఏ రోగమూ లేదు. అంతటితో ఆగకుండా ఆ సెల్ తీసి నా అరచేతిలో పెట్టాడు, ఖాళీ రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేక్ తొక్కి బటన్ నొక్కాడు. ఇంజిన్ స్టార్ట్ అయింది. సెల్ నా చేతిలో ఉంది, ఇంజిన్ తిరుగుతోంది. ఆ క్షణం నా మొహం చూడాల్సింది.

కారణం ఏమిటంటే, డోర్లు తెరవడానికి రిమోట్ పంపే రేడియో సిగ్నల్‌కే సెల్ కావాలి. దొంగతనం జరక్కుండా కారు గుర్తుపట్టే చిప్ వేరే ఉంటుంది. దానికి సెల్ అక్కర్లేదు, దగ్గర పెడితే కారులోని కాయిల్ (తీగచుట్ట) నుంచే కావలసిన కరెంటు తీసుకుంటుంది. చాలా కార్లలో ఆనించాల్సిన చోటు స్టార్ట్ బటనే. కొన్నింట్లో స్టీరింగ్ పక్కనో ముందు సీట్ల మధ్య ఉండే కన్సోల్‌లోనో ఒక గుర్తు ఉంటుంది. మీ కారు పుస్తకంలో ఆ పేజీ ఈరోజే వెతికి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అలా స్టార్ట్ అయితే అలారం కూడా చాలా కార్లలో దానంతటదే ఆగిపోతుంది. ఇంటికి చేరేదాకా ఇంజిన్ మాత్రం ఆపకండి.

కాబట్టి ఎవరైనా "కీ చెడిపోయింది" అనగానే ముందు రిమోట్‌ని అలా ఆనించి చూడమనండి. ఇంట్లో ఉన్న రెండో కీ తెప్పించండి. వేసిన సెల్ మీద నంబర్ మీరే చదవండి. ఇవన్నీ అయ్యాకా కొత్త కీ తప్పదంటే, ఉన్న కీలన్నీ పక్కన పెట్టుకునే ప్రోగ్రామింగ్ చేయించండి, బిల్లు తీసుకోండి.

సెల్ మార్చడం మీరే చేసుకోవచ్చు. మామూలుగా సెల్ తీసినంత మాత్రాన ప్రోగ్రామింగ్ పోదు, ఆ భయం పెట్టేవాళ్లని నమ్మకండి. మూత సందులో స్క్రూడ్రైవర్ లోతుగా దూర్చి బోర్డు గీకకండి. ప్లస్ వైపు ఎటుందో పాతది తీసేముందే చూసుకోండి. ఎల్‌ఐఆర్ 2032 అని రీచార్జ్ చేసుకునే రకం కూడా దొరుకుతుంది, పేరు కలిసిందని వేసేయకండి, నిండా చార్జ్ అయితే దాని వోల్టేజ్ 4 దాటుతుంది. పిల్లలు మింగకుండా ఈమధ్య కొన్ని సెల్లులకి చేదు పూత వేస్తున్నారు. కొన్ని రిమోట్లలో ఆ పూతే కాంటాక్ట్‌కి అడ్డం వస్తుంది, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

పూత ఉన్నా లేకపోయినా పాత సెల్ బల్ల మీద వదిలేయకండి. పసిపిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా సరే, నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పారేసేముందు రెండు వైపులా టేప్ అంటించండి.

మొదటతనికి ఫోన్ చేసి అడిగాను కూడా. "రెండు నంబర్లూ ఒకటే సార్, ఏదైనా పడుతుంది" అన్నాడు. మరి ఆరోజు ఎందుకు పనిచేయలేదన్నాను. లైన్ కట్ అయింది. ఇప్పుడు నా ఒక్క కారుకి మూడు కీలున్నాయి, మూడూ పనిచేస్తున్నాయి.