పిల్లికి మాత్ర మింగించే గొట్టం: కొన్నేళ్ల వాడకం తర్వాత

పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణాల్లో ‘పిల్ గన్’ పేరుతో దొరికే ప్లాస్టిక్ గొట్టాన్ని కొన్నేళ్లుగా మా ఇంట్లో వాడుతున్నాం. చూడటానికి అది సిరంజిలాగే ఉంటుంది గాని, సూది ఉండవలసిన చోట చీలిక పెట్టిన మెత్తని రబ్బరు మూతి ఉంటుంది. ఆ చీలికలో మాత్రను బిగించి వెనుకనున్న పుల్లను నొక్కితే మాత్ర నోట్లో పడుతుంది. మా పిల్లికి ఉబ్బసం ఉన్నందువల్ల డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు రాశారు. అది పరమ చేదు మాత్ర. నాలుక ముందు భాగానికి తగిలిందంటే చాలు, పిల్లి నురగలు కక్కి మాత్రను ఉమ్మేసి, ఆ పూటకు మళ్లీ చేతికి చిక్కదు. పైగా కొంతకాలం వాడాక ఆ మందును ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి. కాబట్టి మాత్ర లోపలికి వెళ్లిందో లేదో తెలియని స్థితి మాకు పనికిరాదు.

ఈ అవసరానికి గొట్టం చక్కగా పనికొచ్చింది. పిల్లిని బల్ల మీద మనవైపు వీపు ఉండేలా కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్లతో రెండు బుగ్గల ఎముకలను పట్టి తల కాస్త పైకెత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. కోరపంటి పక్కనుంచి గొట్టాన్ని పోనిచ్చి, మాత్రను నాలుక వెనుక భాగాన వదలాలి. గొంతులోకి పొడవకూడదు. మింగిన పిల్లి సాధారణంగా నాలుక బయటపెట్టి ముక్కు కొసను నాకుతుంది. ఆ గుర్తు కనబడేదాకా నేను దాన్ని కిందికి దింపను.

అయితే గొట్టం చేసేది సగం పనే. పిల్లుల అన్నవాహికలో పొడి మాత్ర ఇరుక్కుపోవడం తరచూ జరిగే విషయం. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వంటి మందు అలా ఇరుక్కుంటే లోపలి పొర కాలి, పుండు మానేటప్పుడు అన్నవాహిక సన్నబడిపోయే ప్రమాదం ఉంది. అందుకే మాత్ర వేసిన వెంటనే సూది లేని సిరంజితో 5, 6 మి.లీ. నీళ్లు పట్టాలి. ఈసారి తల పైకెత్తకూడదు, మామూలుగానే ఉంచి బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా వదలాలి, లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొట్టం పెట్టె మీద ఈ నీళ్ల మాట ఒక్కటీ లేకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది.

రెండో లోపం ఆ రబ్బరు మూతి. వాడగా వాడగా అది వదులై, అంచున పగుళ్లు వస్తాయి. నోట్లో ఊడిపోయిందంటే పిల్లి ప్రాణానికే ముప్పు కనుక, వాడే ముందు ప్రతిసారీ మూతిని గట్టిగా లాగి చూస్తాను. పగులు కనబడితే గొట్టం మార్చేస్తాను. సగానికి విరిచిన మాత్ర అందులో సరిగా నిలవదు. విరిచిన ముక్కలను ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టడం మాకు మేలనిపించింది, చేదు కూడా తగలదు. పైపూత ఉన్న మాత్రలను, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా విరవకూడదు.

కుక్కకు ఈ గొట్టం అక్కర్లేదనే నా అభిప్రాయం. మా కుక్కకు టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) వచ్చి డాక్సీసైక్లిన్ వాడినప్పుడు, కోడిమాంసం కలిపిన అన్నం ముద్దలే సరిపోయాయి: మొదట ఉత్త ముద్ద, తర్వాత మాత్ర ఉన్నది, అది మింగేలోపే మూడోది చూపించడం. దానికి పెరుగన్నమంటే ప్రాణం, కానీ ఆ మందుతో పెరుగు, పాలు పెట్టలేదు. వాటిలోని కాల్షియం మందును పట్టుకుని ఒంటికి అందే మోతాదును తగ్గిస్తుంది. వేరుశనగ వెన్నలో దాచేవారు సీసా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) పేరు ఉందేమో తప్పక చూడాలి. అది కుక్కలకు విషం.

మాత్ర వేయడం సులువైన కొద్దీ ఇంట్లో ఉన్న మందులు వేసేద్దామనే ఆలోచన వస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరగడం, ముఖం వాయడం, ఆయాసం కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పిల్లులు దానికి ఇంకా త్వరగా లొంగిపోతాయి.

పిల్లికి రోజూ మాత్ర వేయవలసిన వారు దీన్ని నిస్సందేహంగా కొనుక్కోవచ్చు, పక్కన సిరంజి కూడా ఉండాలి. మా ఇంట్లో మందు వేసేవాళ్లు ఇద్దరం కనుక, వేసినవారు వెంటనే గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో ఉదయమో సాయంత్రమో రాసి సంతకం పెడతాం. గడి ఖాళీగా ఉండి వేశామో లేదో గుర్తురాకపోతే, రెండోసారి వేయకుండా డాక్టరుగారికి ఫోన్ చేస్తాం.