ఈ-ఇన్వాయిస్ వాడకం: పంపేవాడికి హాయి, అందుకునేవాడికి అదే టైపింగ్

జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే ఒక యూనిట్‌లో అకౌంట్స్, డిస్పాచ్ రెండూ నేనే చూస్తాను. మా సరుకు ఎక్కువగా మందుల కంపెనీలకు వెళ్తుంది. పది కోట్ల టర్నోవర్ దాటినవాళ్లంతా ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే జీఎస్‌టీ బిల్లు) తీయాలన్న నిబంధన 2022 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. మేం ఆ రోజు నుంచే వాడుతున్నాం. 2020 అక్టోబరులో 500 కోట్ల పైవాళ్లతో మొదలుపెట్టి, ఆ హద్దును తగ్గించుకుంటూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు తెచ్చారు. దాంతో ఇప్పుడు మా వీధిలో సగం షెడ్లలో ఇదే పని. సెమినార్లలో దీని గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, వాళ్లలో లారీ డ్రైవర్ ఎదురుగా నిలబడి ఉండగా బిల్లు తీసినవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బిల్లు పంపేవాడి పని ఇది నిజంగా బాగు చేసింది. బిల్లు అందుకునేవాడి పని దాదాపు పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. ఇదివరకు బిల్లు కొట్టి పీడీఎఫ్ పంపేవాళ్లం. పీడీఎఫ్ మనిషి కంటికి పనికొస్తుంది, కంప్యూటర్‌కు అది దాదాపు బొమ్మే. ఇప్పుడు అదే బిల్లు ఐఎన్‌వీ-01 అనే స్కీమా (ఏ వివరం ఎక్కడ, ఎలా ఉండాలో చెప్పే నమూనా) ప్రకారం జేసన్ ఫైలుగా, అంటే కంప్యూటర్ నేరుగా చదవగలిగే ఫైలుగా తయారవుతుంది. జీఎస్‌టీ నంబర్ ఎక్కడ ఉండాలి, తేదీ ఎలా రాయాలి, కిలోలకు ఏ కోడ్, నగాలకు ఏ కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, ఇవన్నీ దేశమంతటికీ ఒక్కటే. ఆ ఫైలు ఇన్వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్తుంది. అక్కడ తనిఖీ చేసి, అమ్మేవాడి జీఎస్‌టీ నంబర్, బిల్లు నంబర్, డాక్యుమెంట్ రకం, ఆర్థిక సంవత్సరం ఈ నాలుగింటిని బట్టి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (బిల్లు గుర్తింపు సంఖ్య) ఇస్తారు. డిజిటల్ సంతకం, క్యూఆర్ కోడ్ కూడా వస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే కొన్ని సెకన్ల పని. ఈ నిబంధన వర్తించేవాళ్లు ఐఆర్‌ఎన్ లేకుండా ఇచ్చిన బిల్లు చట్టం లెక్కలో బిల్లే కాదు. అందుకే మా కస్టమర్లు గేటు దగ్గరే క్యూఆర్ కోడ్ ఉందో లేదో చూస్తారు.

మొదట లాభం సంగతి. పార్టీ జీఎస్‌టీ నంబర్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే ఇదివరకు ఎప్పుడు తెలిసేదంటే, కస్టమర్ అకౌంట్స్‌ వాళ్లు ‘మీ బిల్లు మా టూ-బీలో లేదు, పేమెంట్ ఆపాం’ అని ఫోన్ చేసినప్పుడు. (టూ-బీ అంటే కొనేవాడికి ఏ బిల్లుల మీద పన్ను క్రెడిట్ వస్తుందో చూపే జీఎస్‌టీ జాబితా.) అప్పటికి సరుకు వెళ్లి రెండు నెలలయ్యేది. ఇప్పుడా తప్పు లారీ ఎక్కకముందే బయటపడుతుంది. సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లుకు మళ్లీ అంతా కొట్టక్కర్లేదు, ఐఆర్‌ఎన్ మీదే వస్తుంది, బండి నంబర్ చేరిస్తే చాలు. నెల తిరిగేసరికి అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో మా బిల్లులు వాటంతటవే కూర్చుంటాయి. పదో తారీఖు వస్తోందంటే ఉండే టెన్షన్ ఇప్పుడు లేదు. ఈ ఒక్క కారణానికే నేను పాత పద్ధతికి వెళ్లను.

అయితే ఆ తనిఖీ ఎంత కచ్చితంగా ఉంటుందో తెలియాలంటే మందుల కంపెనీలకు సరుకు వేయాలి. ఒకే కంపెనీకి ఊళ్లో ఒక ప్లాంటు, జడ్చర్ల సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఇంకో ప్లాంటు ఉంటాయి. రెండూ తెలంగాణలోనే ఉన్నా సెజ్‌కు వేసే సరుకు అంతర్రాష్ట్ర అమ్మకం కిందే లెక్క. పన్ను వేస్తే అంతర్రాష్ట్ర అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీనే వేయాలి, బిల్లు రకం కూడా సెజ్ అని చెప్పాలి. మామూలు బీటూబీ (వ్యాపారి నుంచి వ్యాపారికి) అని పెట్టి ఐజీఎస్‌టీ వేస్తే, ‘రాష్ట్రంలోపలి అమ్మకానికి ఇది కుదరదు’ అని తిప్పి పంపేస్తుంది. పాత కాగితం బిల్లుల మీద ఇలాంటివి ఎన్ని దొర్లిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

పిన్ కోడ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అప్పట్లో మా దగ్గరున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పిన్ మొదటి అంకెలు చూసి రాష్ట్రం పేరు దానంతట అదే వేసేది. 507 అంటే ఖమ్మం వైపు, కాబట్టి తెలంగాణ. కానీ చింతూరు, కూనవరం మండలాలు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పిన్ కోడ్‌లు మాత్రం 507తోనే ఉన్నాయి. అక్కడి పార్టీ జీఎస్‌టీ నంబర్ 37తో మొదలవుతుంది, సాఫ్ట్‌వేరేమో 36 రాసి పంపుతుంది. పోర్టల్ ఎందుకు ఒప్పుకుంటుంది? చివరికి రాష్ట్రాన్ని జీఎస్‌టీ నంబర్ మొదటి రెండు అంకెలను బట్టి తీసుకునేలా మార్పించాం. పార్టీ మాస్టర్ (కస్టమర్ల వివరాల జాబితా) శుభ్రంగా లేనివాళ్లకు మొదటి నెల నరకమే. మాకు ఎర్రర్లలో చాలా భాగం అడ్రసు, పిన్, యూనిట్ కోడ్‌ల దగ్గరే వచ్చాయి, పన్ను లెక్కలో వచ్చినవి కొన్నే.

ఎర్రర్ నంబర్లు కూడా అలవాటవుతాయి. మా డిస్పాచ్ కుర్రాడు మొదట్లో ‘అన్నా, మళ్లీ 2150 అంటోంది’ అని పరుగెత్తుకొచ్చేవాడు. 2150 అంటే డూప్లికేట్ ఐఆర్‌ఎన్. నెలాఖరు సాయంత్రం నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు మన ఫైలు వెళ్తుంది, జవాబు తిరిగి రాదు. రాలేదు కదా అని ఇంకోసారి నొక్కితే ఇది కనిపిస్తుంది. నిజానికి అది శుభవార్త. మొదటిసారే రిజిస్టర్ అయిపోయిందని అర్థం, బిల్లు నంబర్‌తో ఆ ఐఆర్‌ఎన్‌ను మళ్లీ తెచ్చుకుంటే సరి. ఒకే బిల్లు రెండుసార్లు నమోదు కాకుండా ఆపే ఈ ఏర్పాటు ఈ మొత్తం డిజైన్‌లో నాకు బాగా నచ్చినది. ఐఆర్‌ఎన్ లెక్కలో ఆర్థిక సంవత్సరం కూడా ఉంది కాబట్టి ఏప్రిల్‌లో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టినా గొడవ లేదు.

నచ్చనిది రద్దు వ్యవహారం. ఐఆర్‌ఎన్ తీశాక బిల్లు దిద్దడానికి వీల్లేదు, 24 గంటల్లోపు మొత్తంగా రద్దు చేయడం ఒక్కటే దారి. ఈ-వే బిల్లు అమల్లో ఉంటే ముందు దాన్ని రద్దు చేయాలి, తర్వాతే ఐఆర్‌ఎన్. రద్దయిన బిల్లు నంబర్ మళ్లీ వాడుకోలేం. శనివారం సాయంత్రం సరుకు లోడ్ చేశాక కస్టమర్ స్టోర్స్ నుంచి ‘గోడౌన్‌లో చోటు లేదు, సగమే పంపండి’ అని ఫోన్ వస్తే ఈ మూడూ వరుసగా గుర్తుపెట్టుకుని చేయాలి. 24 గంటలు దాటితే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితం), దానికీ ఇంకో ఐఆర్‌ఎన్. ఎందుకిలా పెట్టారో అర్థమవుతుంది. సంతకం పడ్డ కాగితాన్ని ఎవరు పడితే వాళ్లు దిద్దితే ఇక సంతకం దేనికి? అయినా ఆదివారం కూడా ఆ గడియారం ఆగదు, డిస్పాచ్ వాళ్లకు మాత్రం అది సెలవు. ఆ సెలవును లెక్కలోకి తీసుకుని ఉంటే బాగుండేది.

2025 ఏప్రిల్ 1 నుంచి పది కోట్ల పైవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపే రిజిస్టర్ చేయాలి. రోజూ తీసేవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు, క్రెడిట్ నోట్‌లు కుప్ప పోసి తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకే కష్టం. అదే రోజు నుంచి పోర్టల్ లాగిన్‌కు ఓటీపీ కూడా అందరికీ తప్పనిసరైంది. సబ్-యూజర్లను వాళ్ల సొంత నంబర్లతో పెట్టుకోండి. ఓటీపీ ఓనర్ గారి ఫోన్‌కే వచ్చేలా ఉంచితే, ఆయన తిరుమలలో ఫోన్ డిపాజిట్ చేసి క్యూలోకి వెళ్లిన రోజున మీ లారీ గేటు లోపలే ఉండిపోతుంది.

ఇంతగా తనిఖీ చేసే పోర్టల్ చూడనివి కూడా ఉన్నాయి. ఇదొక జల్లెడ, రాయి పడితే ఆపుతుంది, బియ్యం పాతవా కొత్తవా అన్నది దానికి పట్టదు. సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ జాబితాలో ఉందా, పన్ను రేటు ఉన్న స్లాబుల్లో ఒకటేనా, కూడికలు కలుస్తున్నాయా, అంతవరకే. ఈ సరుక్కు ఈ రేటేనా అన్నది సరిపోల్చదు. మా అట్టపెట్టెల కోడ్ 481910. దాని మీద పన్ను 2024 జులైలో 18 నుంచి 12కు తగ్గింది, 2025 సెప్టెంబరు 22న 12 నుంచి 5కు దిగింది. (మేం కొనే క్రాఫ్ట్ పేపర్ మీద అదే రోజున 12 కాస్తా 18 అయింది. ఆ బాధ వేరే, ఇక్కడ వద్దు.) ఆ వారంలో మేం 5 శాతంతో బిల్లులు తీశాం, ఐఆర్‌ఎన్‌లు చకచకా వచ్చాయి. కానీ కస్టమర్ల పీఓల్లో (కొనుగోలు ఆర్డర్లలో) ఇంకా 12 శాతమే ఉంది. వాళ్ల సిస్టమ్ పీఓ, జీఆర్‌ఎన్ (సరుకు అందిందన్న రసీదు), బిల్లు మూడింటినీ పోల్చి చూస్తుంది. రేటు తేడా కనిపించగానే పేమెంట్ బ్లాక్ చేస్తుంది. పాత పీఓలు ఒక్కొక్కటే సవరించేదాకా మా డబ్బు అక్కడే ఉంది. ప్రభుత్వం సంతకం పెట్టిన బిల్లు చేతిలో ఉంది, పేమెంట్ మాత్రం రాదు!

నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. వ్యాపారంలో కాగితం అంటే బిల్లు ఒక్కటే కాదు కదా. ముందు పీఓ వస్తుంది, మనం ఒప్పుకున్నామని చెప్తాం, సరుకు పంపుతున్నామని చెప్తాం, వాళ్లు అందిందని చెప్తారు, చివర్లో బిల్లు, ఆ తర్వాత పేమెంట్ వివరాలు. వ్యాపార కాగితాలను కంప్యూటర్ల మధ్య పంపుకునే ఫార్మాట్ల కోసం అమెరికాలో ఎక్స్12 కమిటీ 1979లో ఏర్పడింది, అలాంటిదే ఐక్యరాజ్యసమితి ఎడిఫ్యాక్ట్ 1980లలో వచ్చింది. వాటిలో ఈ ప్రతి మెట్టుకూ ఒక ఫార్మాట్ ఉంది. ఎక్స్12లో 850 అంటే పీఓ, 856 అంటే సరుకు బయల్దేరిందన్న ముందస్తు సమాచారం, 810 అంటే బిల్లు, 997 అంటే ‘నీ ఫైలు నాకు అందింది’ అన్న రసీదు. మనకు తప్పనిసరి చేసింది బిల్లు, క్రెడిట్ నోట్, డెబిట్ నోట్ వరకే, ఎందుకంటే పన్ను తగిలేది అక్కడే. మిగతా మెట్లన్నీ మెయిల్, వాట్సాప్, ఒక్కో కస్టమర్‌కు ఒక్కో వెండర్ పోర్టల్. మాకు పీఓలు ఇప్పటికీ పీడీఎఫ్‌లోనే వస్తాయి. పెట్టె సైజు, ప్లై, ప్రింట్ వివరాలు చూసి మేం మా సిస్టమ్‌లో కొట్టుకుంటాం. మేం పంపిన బిల్లు చూసి అవతలి వాళ్లు తమ సిస్టమ్‌లో కొట్టుకుంటారు. మధ్యలో అద్భుతమైన జేసన్ ఫైలు ఒకటి సంతకంతో సహా ఉంది, దాన్ని చదివేది మాత్రం దాదాపుగా పోర్టల్ ఒక్కటే.

క్యూఆర్ స్కాన్ చేస్తే అన్నీ వస్తాయిగా అంటారు. రావు. అందులో ఉండేవి ఇద్దరి జీఎస్‌టీ నంబర్లు, బిల్లు నంబర్, తేదీ, మొత్తం విలువ, ఎన్ని ఐటమ్‌లు, ముఖ్యమైన ఐటమ్ హెచ్‌ఎస్‌ఎన్, ఐఆర్‌ఎన్. బిల్లు అసలుదా నకిలీదా తేల్చడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎవరైనా అంకె మారిస్తే సంతకం పట్టిస్తుంది. కానీ ఏ పీఓ మీద, ఏ సైజు పెట్టెలు, ఎన్ని అన్నది అందులో లేదు, స్టోర్స్ వాళ్లకు కావలసిందేమో అదే.

విచిత్రం ఏమిటంటే స్కీమాలో ఆ చోటు ఉంది. పీఓ నంబర్‌కు, పీఓ తేదీకి, బ్యాచ్ వివరాలకు ఫీల్డ్‌లు ఇచ్చారు, కాకపోతే ఐచ్ఛికం. తప్పనిసరి కానిది మన దగ్గర ఎవరు నింపుతారు? మా సాఫ్ట్‌వేర్ వాడు మొదట్లో ఆ ఫీల్డ్‌లను స్క్రీన్ మీద చూపించనే లేదు, అడిగి పెట్టించుకున్నాం. ఇప్పుడు ప్రతి బిల్లులో పీఓ నంబర్ వెళ్తుంది. అందుకునేవాళ్లు తమ పేరు మీద వచ్చిన ఈ-ఇన్వాయిస్‌లను జీఎస్‌టీ పోర్టల్ నుంచి జేసన్‌గా దించుకునే సదుపాయం కూడా ఉంది. మా కస్టమర్లలో ఒకరి ఐటీ విభాగం వాటిని నేరుగా తమ సిస్టమ్‌లోకి ఎక్కించుకుంటోంది. వాళ్ల దగ్గర మా బిల్లు పాస్ కావడానికి పట్టే సమయం సగానికి సగం తగ్గింది. ఫోన్ చేసి ‘బిల్లు అందిందా మేడమ్?’ అని అడగాల్సిన పని వాళ్లతో లేదు. మిగతావాళ్ల అకౌంట్స్ విభాగాలకు ఇలా దించుకోవచ్చన్న సంగతి నేను చెప్తేనే తెలిసింది.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. రోజుకు నాలుగైదు బిల్లులైతే పోర్టల్‌లో చేత్తో కొట్టుకున్నా, ఉచితంగా ఇచ్చే ఎక్సెల్ టూల్‌తో ఎక్కించినా సరిపోతుంది. అంతకు మించితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో నేరుగా కలుపుకోవడమే మంచిది. రెండు చోట్ల కొట్టే పద్ధతిలో రెండు చోట్లా తేడాలు వస్తాయి. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదిలో హద్దు దాటినా మీరు ఇందులో ఉన్నట్టే, తర్వాత టర్నోవర్ పడిపోయినా బయటకు రాలేరు. ఈ సంగతి మీ ఆడిటర్ గారితో ముందే తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు డెమోలో ఐఆర్‌ఎన్ వస్తుందా అని చూడొద్దు, అది అందరిలోనూ వస్తుంది. పీఓ ఫీల్డ్ కనిపిస్తోందా, సెజ్ బిల్లు ఎలా తీస్తారు, 2150 వచ్చినప్పుడు పాత ఐఆర్‌ఎన్‌ను దానంతట అదే తెచ్చుకుంటుందా, ఈ మూడు చేసి చూపించమనండి.