బుల్లి ఆర్కిడ్లు: విడదీసి నాటాలా, విత్తనం నుంచి పెంచాలా?

ఖర్చు: విడదీయడానికి పదునైన బ్లేడు, కొత్త నాచు చాలు. విత్తనానికైతే అగర్ మీడియం (మొలకకు తిండి అందించే జెల్లీ), సీసాలు, ప్రెషర్ కుక్కర్, గాలి తగలని పెట్టె కావాలి.

శ్రమ: విడదీయడం కాసేపటి పని. విత్తనం సంగతి వేరు. ధూళిలా ఉండే ఆ గింజలో మొలకకు తిండి దాదాపు ఉండదు. అడవిలో శిలీంధ్రం పెడుతుంది; ఇంట్లో చక్కెర కలిపిన మీడియంతో మనమే పెట్టాలి. ఆ చక్కెరంటే బూజుకీ ఇష్టమే! ఒక్కసారి చొరబడిందా, సీసా మొత్తం పోయినట్టే.

రిస్క్: విడదీసేటప్పుడు టెన్షన్ వైరస్‌తోనే. ఒక మొక్క కోశాక బ్లేడును మంటలో కాల్చి గానీ ఇంకోదాన్ని ముట్టుకోకూడదు. అత్యాశా పనికిరాదు: ముక్కకు కనీసం మూడు నాలుగు కాడలుండాలి, లేకపోతే తల్లీ పిల్లా రెండూ నీరసిస్తాయి. కొత్త వేళ్లు పచ్చగా తొంగిచూస్తున్నప్పుడు చేస్తే త్వరగా తేరుకుంటాయి.

పువ్వు: విడదీస్తే అచ్చం తల్లిదే. విత్తనమైతే ఏళ్లు ఆగాలి, కానీ దేని అందం దానిదే.

మాస్డెవాలియాలా గుంపుగా పెరిగేవాటికి నా ఓటు విడదీయడానికే. ఒంటి కాండంతో పెరిగే మినీ ఫలెనాప్సిస్‌కు అది కుదరదు. పిలక వస్తే, దానికి వేళ్లు దిగాక తీయాలి. కొత్త సంకరాలు చేయాలనుంటేనే విత్తనం జోలికి వెళ్లండి.