పత్రాలు చదివిన తర్వాతే డబ్బు తీసుకున్న గవర్నర్‌పేట అటెస్టేషన్ ఏజెన్సీ

ఈ వేసవిలో మా ఇద్దరమ్మాయిల పత్రాలు ఒకేసారి విదేశాలకు వెళ్లవలసి వచ్చింది. పెద్దమ్మాయి షార్జాలో ఉన్న భర్త దగ్గరకు వెళ్లడానికి వివాహ ధ్రువపత్రం కావాలి. ఇటలీలో ఎం.ఎస్. చదవబోతున్న చిన్నమ్మాయికి జనన ధ్రువపత్రం, ఇంటర్మీడియట్ సర్టిఫికెట్, డిగ్రీ పట్టా కావాలి. మేముండేది గుంటూరు బ్రాడీపేటలో కాబట్టి మొదట ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ఏజెన్సీకి వెళ్లాను. అక్కడివారు కవరు విప్పకుండానే, నాలుగింటికీ అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) చేయిస్తామని, సగం డబ్బు ముందే కట్టాలని చెప్పారు. ఏ దేశానికని కూడా అడగకపోవడం నాకు నచ్చక, ఒరిజినల్స్ వెనక్కి తీసుకుని వచ్చేశాను. మర్నాడు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో మొదటి అంతస్తులో ఉన్న చిన్న ఏజెన్సీకి వెళ్లాను. ఈ సమీక్ష దాని గురించే.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి పత్రాలన్నీ బల్లమీద పరిచి, పాస్‌పోర్టులు పక్కన పెట్టి, ప్రతి అక్షరం సరిపోల్చడానికి ముప్పావుగంట తీసుకుంది. ఆ తర్వాత ఆమె నాతో అన్న మాట ఇది: "మాస్టారూ, ఈరోజు వీటిలో రెండే తీసుకుంటానండీ. మిగిలిన రెండూ ఇలాగే పంపితే తిరిగొస్తాయి."

తిరిగొస్తాయని ఎందుకు అన్నదో అర్థం కావాలంటే ఈ ముద్రల పద్ధతి కొంచెం తెలియాలి. అపోస్టిల్ అనేది పత్రంలో రాసిన విషయం నిజమని చెప్పే ముద్ర కాదు. ఆ పత్రం మీద ఉన్న సంతకం ఎవరిది, వారు ఏ హోదాలో చేశారు, ముద్ర ఏ కార్యాలయానిది అన్న మూడింటినే అది ధ్రువీకరిస్తుంది. పట్టా మీద విశ్వవిద్యాలయ అధికారి సంతకాన్ని రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరిస్తారు, ఆ రాష్ట్ర అధికారి సంతకాన్ని విదేశాంగ శాఖ తన దగ్గరున్న నమూనాతో పోల్చి చూస్తుంది, అవతలి దేశం విదేశాంగ శాఖ ముద్రను నమ్ముతుంది. ఈ గొలుసులో ఒక్క సంతకాన్ని పోల్చడానికి వీల్లేకపోయినా పత్రం అక్కడే ఆగిపోతుంది. మా చిన్నమ్మాయి జనన ధ్రువపత్రం 2002లో చేత్తో రాసి ఇచ్చినది, దాని మీద సంతకం చేసిన అధికారి ఎప్పుడో ఉద్యోగ విరమణ చేసి ఉంటారు. దాన్ని పక్కన పెట్టి, నగరపాలక సంస్థ నుంచి ఇప్పటి అధికారి సంతకంతో కొత్త కంప్యూటర్ ప్రతి తెచ్చుకోమన్నారు. నాలుగు రోజుల్లో అది దొరికింది.

రెండో చిక్కు నేను చేతులారా తెచ్చుకున్నదే. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పాడవకూడదని నేను దానికి ల్యామినేషన్ చేయించాను. మన జిల్లాల్లో పిల్లల సర్టిఫికెట్లు రాగానే తల్లిదండ్రులు మొదట చేసే పని ఇదే. ప్లాస్టిక్ పొర మీద ముద్ర నిలవదు, దాని కింద ఉన్న కాగితాన్ని అధికారి పరీక్షించనూ లేరు. ఇస్త్రీపెట్టె వేడితో పొర ఊడదీస్తే సంతకం చెరిగిపోతుందని హెచ్చరించి, ఇంటర్మీడియట్ బోర్డుకు నకలు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయించారు. అందుకు మూడు వారాలు పట్టినా, ఆ సలహాకు వారు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

పెద్దమ్మాయి పత్రం విషయంలో వారు చేసిన మేలు ఇంతకంటే పెద్దది. అపోస్టిల్ చెల్లేది 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్యనే. మన దేశంలో ఆ ఒప్పందం 2005 జులై 14న అమల్లోకి వచ్చింది, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరులో, కెనడాలో 2024 జనవరిలో వచ్చింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అందులో లేదు. షార్జాకు వెళ్లే పత్రానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆపైన ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్ర పడాలి, అక్కడికి చేరాక వారి విదేశాంగ శాఖ ముద్ర కూడా వేయించుకోవాలి. గుంటూరు ఏజెన్సీ మాట నమ్మి అపోస్టిల్ చేయించి ఉంటే, మా అమ్మాయి చేతిలో షార్జాలో చెల్లని కాగితం ఉండేది.

ఖర్చు, గడువుల దగ్గరే నాకు అసంతృప్తి మిగిలింది. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునే రుసుము పత్రానికి 50 రూపాయలు. 2012 జులై నుంచి ఆ శాఖ ప్రజల దగ్గర నేరుగా పత్రాలు తీసుకోవడం లేదు, తాను నియమించిన సంస్థల ద్వారానే తీసుకుంటోంది. విజయవాడ ఏజెన్సీ ఆ సంస్థలకూ మనకూ మధ్య ఉండేది మాత్రమే. చదువు పత్రం ఒక్కోదానికి నా దగ్గర 3,800 రూపాయలు తీసుకున్నారు. తిరుగుడు, కొరియర్, వారి శ్రమ కలిపితే అది అన్యాయమని అనను. కానీ రశీదులో ప్రభుత్వ రుసుము ఎంత, వారి సేవాచార్జీ ఎంత అన్నది విడివిడిగా రాయలేదు. రాసి ఇమ్మని అడిగితే, అందరికీ ఇలాగే ఇస్తామన్నారు. ఇంత జాగ్రత్తగా పనిచేసేవారు ఆ రెండు వరుసలు రశీదులో రాయడం ఈ నెల నుంచే మొదలుపెట్టాలి. పన్నెండు పనిరోజుల్లో ఇస్తామన్న పత్రాలు పందొమ్మిది రోజులకు వచ్చాయి, మధ్యలో వారంపాటు అవి ఎక్కడున్నాయో ఫోనులో స్పష్టంగా చెప్పలేకపోయారు. ఒరిజినల్ పట్టా ఎవరి చేతిలో ఉందో తెలియని ఆ వారం మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్రలేదు.

తిరిగి వచ్చాక మాత్రం నన్ను కూర్చోబెట్టి, పట్టా వెనుక అంటించిన స్టిక్కరు మీది సంఖ్యను విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో నా కళ్లముందే సరిచూపించారు. ఇటాలియన్ అనువాదం అపోస్టిల్ పడిన తర్వాతే చేయించాలని, ముందే చేయిస్తే ఆ ముద్ర అనువాదంలోకి రాదని కూడా చెప్పారు.

గత వారం మా చెల్లెలి కొడుకు జర్మనీ వెళ్లే పని మీద అదే కౌంటర్‌కు తీసుకెళ్లాను. హేగ్ ఒప్పందంలో భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పిందని, అందువల్ల ఆ దేశంలో మన అపోస్టిల్ చెల్లదని, ఏ పత్రాలు ఎలా కావాలో జర్మన్ కాన్సులేట్‌నే అడిగి తెలుసుకోమని చెప్పి, కవరు విప్పకుండానే మా చేతికి తిరిగి ఇచ్చారు.