కుందేలు అరికాళ్లకు ఏ నేల మేలు?

కుక్కకీ పిల్లికీ అరికాళ్ల కింద మెత్తలుంటాయి. కుందేలుకు ఉండవు. దాని బరువంతా మోసేది చర్మమూ, దాన్ని కప్పిన దట్టమైన బొచ్చూ. ఆ బొచ్చు అరిగితే వెనక కాళ్ల మడమ దగ్గర చర్మం ఎర్రబడుతుంది, గట్టిపడుతుంది, ఆపై పగిలి పుండవుతుంది. అది ముదిరితే ఎముక దాకా పోతుంది. అందుకే మందుకన్నా ముందు నేల సంగతి చూడాలి.

హైదరాబాద్‌లో పక్షులూ పెంపుడు జంతువులూ అమ్మే ముర్గీ చౌక్‌లో కొన్నా, కాలనీలోని పెట్ షాపులో కొన్నా, కుందేలు వెంట చాలా ఇళ్లకు వచ్చేది జాలీ అడుగున్న పంజరమే. పెంటికలు కిందికి రాలిపోతాయి, కడగడం తేలిక, నిజమే. కానీ సన్నని తీగల మీదే రోజంతా బరువు మోపాలి. జాలీని నేను అసలు లెక్కలోకే తీసుకోను. ఇప్పటికే కొని ఉంటే పైన చెక్క పరిచి, దాని మీద మెత్తగా ఏదైనా వేయండి.

ఇక మన అపార్ట్‌మెంట్ల టైల్స్, పాత ఇళ్లలోని తాండూరు బండ. నున్నటి నేల మీద కుందేలు జారుతుంది. జారకుండా నిలదొక్కుకునే ప్రయత్నంలో బరువు మడమల మీద పడుతుంది. మే నెలలో అది తనంతట తాను చల్లని బండ మీద కాళ్లు చాపుకుని పడుకుంటే మాత్రం వద్దనకండి. ఈ ఎండలకు దానికి ఆ చల్లదనం కావాలి. ఓ మూల వదిలేసి, మిగతాది కప్పితే చాలు.

దేంతో కప్పాలి? గోనె సంచి చవకే గానీ గరుకు, పైగా కొరికితే పీచు కడుపులోకి పోతుంది. కొబ్బరి పీచు పట్టా అంతకన్నా గరుకు. వరిగడ్డి మందంగా పరిస్తే కాలికి హాయి, తిన్నా ఫర్వాలేదు. అయితే తడిసిన గడ్డిని రోజూ తీసేయాలి, బూజు వాసన వస్తే మొత్తం పారేయాలి. పాత చీరలతో కుట్టిన బొంత మెత్తదనంలో అన్నిటికన్నా మిన్న. కాకపోతే మూత్రం పీల్చుకుని లోపల తడిగానే ఉంటుంది, తడి అరికాలు తొందరగా చెడుతుంది. ఫ్లీస్ (మెత్తటి సింథటిక్ బట్ట) దుప్పటి తడిని కిందికి వదిలి పైన పొడిగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. ఒక్కటే పరిస్తే పలచన.

నా ఓటు కింద బొంత పరిచి, పైన ఫ్లీస్ వేయడానికే. వానాకాలంలో బొంత రోజుల తరబడి ఆరదు, అప్పుడు దాని చోట గడ్డి. గుడ్డ నమిలి మింగే కుందేలైతే ఏ కాలమైనా గడ్డే.

నేల ఎంత మెత్తగా ఉన్నా, కుందేలు ఒళ్లు బరువెక్కితే, గోళ్లు పెరిగితే లాభం లేదు. గోళ్లు పెరిగితే పాదం వెనక్కి వాలుతుంది. కొద్ది వారాలకోసారి చూసి కత్తిరించండి. పెల్లెట్లు (గుళికల మేత) తగ్గించి ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. రెక్స్ జాతికి బొచ్చే పొట్టి కాబట్టి ఇంకాస్త జాగ్రత్త కావాలి.

బొచ్చు ఊడి చర్మం గులాబీ రంగులో, పగలకుండా ఉంటే నేల మార్చి, శుభ్రంగా, పొడిగా ఉంచి కనిపెట్టండి. చుట్టూ ఉన్న బొచ్చు గొరగొద్దు, అదే దాని రక్షణ. పసుపు కలిపిన కొబ్బరినూనె రాయాలనిపిస్తుంది మనకు. నూనెకు బొచ్చు అతుక్కుపోయి మురికి పడుతుంది, రాయకపోవడమే మేలు. చర్మం పగిలినా, రక్తం గానీ చీము గానీ కనిపించినా ఇంట్లో ఆపకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కట్టు కట్టాలా వద్దా అన్నది ఆయనే తేల్చాలి, వదులైన కట్టును కుందేలు కొరికేస్తుంది, తడిసిన కట్టు పుండును పెంచుతుంది.

కుందేళ్లను చూసిన అనుభవమున్న డాక్టరునే వెతకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడా అడిగి చూడవచ్చు. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం నోటి ద్వారా వేయొద్దు. అది పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి కుందేలు ప్రాణం తీయగలదు. నొప్పికి మందు కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయాలి. నొప్పితో మేత మానేసిందంటే పుండు సంగతి తర్వాత, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.