పెద్ద లెన్స్ ఇంట్లో వదిలేసి శ్రీలంక వెళ్లొచ్చా

కెనాన్ ఆర్ఎఫ్ 100-400 పేరెత్తగానే ఎవరైనా అనే మొదటి మాట, "ఎఫ్/8 ఏంటి బాబూ, చీకటి లెన్స్ కదా" అని. అంటే పూర్తిగా జూమ్ చేస్తే లోపలికి వచ్చే వెలుతురు తక్కువని. నేనూ అలాగే అనేవాణ్ణి. చివరికి అదే సెకండ్ హ్యాండ్‌లో కొని, ఆర్10 కెమెరా బాడీకి తగిలించి మొన్న శ్రీలంక తిప్పుకొచ్చా.

అంతకుముందు ఊళ్లు తిరిగినా, దేశం దాటినా నా వెంట సిగ్మా 150-600 లెన్స్ ఉండేది. ఫొటోల్లో దానికి వంక పెట్టలేం, కానీ బరువు 1,930 గ్రాములు, క్యాబిన్ బ్యాగ్ లిమిటేమో 7 కిలోలు. పైగా ఆ గొట్టం స్కానర్‌లో కనబడగానే పక్కకు రమ్మంటారు. ఒక దేశంలో అయితే "మీరు ప్రెస్సా?" అని పావుగంట నిలబెట్టారు, అవతల మా ఆవిడ, పిల్లలు ట్యాక్సీ దగ్గర ఎదురుచూపులు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

ఈ 100-400 బరువు 635 గ్రాములే. బ్యాటరీ, కార్డుతో సహా బాడీ 429. రెండూ కలిపినా పాత లెన్స్‌లో సగం పైచిలుకు, అంతే. ఆర్10 క్రాప్ బాడీ, అంటే సెన్సర్ చిన్నది, కాబట్టి 400 ఎంఎం దగ్గర 640 ఎంఎం లెన్స్ అంత రీచ్ వస్తుంది.

యాలా నేషనల్ పార్కులో పొద్దున్న ఆరింటికి గేటు తీస్తారు. మా డ్రైవర్ ఫోన్ మోగింది, "కొటియా" అన్నాడు, అంటే చిరుత, ఇక జీపు ఎలా పోయిందో నా నడుముని అడగాలి. బండమీద పడుకుని ఉంది, ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. షట్టర్ 1/320 సెకను, వెలుతురు చాలక ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 6400 దాకా పెంచా. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే మచ్చల చుట్టూ ఇసుక చల్లినట్టు నాయిస్, అదే సిగ్మా అయితే ఎఫ్/6.3 దగ్గర వెలుతురు ఎక్కువ వచ్చి కాస్త నయంగా ఉండేది, ఒప్పుకుంటా. ఎనిమిది దాటాక మాత్రం దీని ఆటే వేరు. పసిరిక పిట్ట నోట్లో పట్టుకున్న పురుగు కాళ్లు కూడా కనబడుతున్నాయి. దగ్గర ఫోకస్ ఇంకా బాగుంది, గెస్ట్‌హౌస్ కుంట దగ్గర తూనీగ రెక్కల ఈనెలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి.

నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఆపే వెదర్ సీలింగ్ లేదు, చినుకు పడితే నా ఉపాయం హోటల్లో ఇచ్చే షవర్ క్యాప్. పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు తగిలించే హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనాలి.

ఇక కస్టమ్స్ సంగతి. నాది సెకండ్ హ్యాండ్ కదా, బిల్లు మొదటి ఓనర్ పేరు మీద ఉంది. తిరిగొచ్చేటప్పుడు "అక్కడ కొన్నావా" అంటే ఏం చూపించాలి? అందుకే వెళ్లేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకున్నా, ఈ వస్తువు ఇక్కణ్ణుంచే తీసుకెళ్తున్నానని రాసిచ్చే కాగితం అది. వస్తువు చూపించాలి కాబట్టి బ్యాగులు చెకిన్‌లో వేసేయకముందే వెళ్లండి. సీరియల్ నంబర్ చీమ తలకాయంత ఉంది, ఆఫీసరు గారు కళ్లజోడు పైకీ కిందికీ జరిపినా కనబడలేదు, నేను ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూపిస్తే రాసుకున్నారు. అరగంట పట్టింది. సినిమా యూనిట్ల వాళ్లు సామాను తాత్కాలికంగా బయటి దేశానికి తీసుకెళ్లి తెచ్చుకోడానికి ఏటీఏ కార్నె అనే పత్రం ఫిక్కీ అనే వ్యాపార సంఘం దగ్గర తీసుకుంటారు, మనలాంటి సరదా ఫొటోగ్రాఫర్లకు అంత తతంగం అక్కర్లేదు. స్పేర్ బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెకిన్ పెట్టెలో కుదరదు.

వచ్చేటప్పుడు ఆ కాగితం ఎవరూ అడగలేదు. అయినా జేబులో ఉంటే టెన్షన్ లేకుండా నడిచొచ్చా.

సిగ్మా అమ్ముతావా అని ఇద్దరు అడిగారు. అమ్మను. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు కొంగల కోసం దాన్ని కారు డిక్కీలో వేసుకుపోతా, అక్కడ నన్ను ఆపేవాడు టీ కొట్టాయన ఒక్కడే.